నీటిమరయు విసురురాయియు

ధాన్యమును పండించుట యొక యెత్తు; దానిని పిండి చేయుట మఱొక యెత్తు. మన కోడుమూరు ప్రాంతమున జొన్నయు, కొఱ్ఱయు, సజ్జయు, రాగియు తరతరములుగ ప్రజల కాహారమై యుండెను. వీనిలో జొన్న పిండియైన గాని రొట్టె కాదు. రాగి పిండియైన గాని సంగటి కాదు. కావున ప్రతి యింటను, ఇంచుమించు ప్రతి దినమును, ఒక రాతిపై నొక రాతిని త్రిప్పవలసిన యక్కఱ కలిగెను. ఆ రాతిని త్రిప్పిన దెవరు? కొన్ని దేశములలో ఏఱు త్రిప్పెను. మన సీమలో తల్లులు త్రిప్పిరి. ఈ భేద మేల కలిగెనో, అది యే విధముగ తీరెనో, తీరుటకు మన మిచ్చిన వెల యెంతయో తెలుపుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

నీటిమర యనగా నేమి?

నీటిమర యనునది చూచుటకు వింతయే గాని, దాని పొందిక మిక్కిలి సులభమైనది. ఒక యిరుసును నిలువుగ నిలిపి, దాని యడుగుభాగమున వంపు దిరిగిన రెక్కలు గల చక్రము నమర్తురు. మీదినుండి వాలుగా నుంచిన కొయ్యదోనె గుండ నీరు వడిగా వచ్చి యా రెక్కలను కొట్టును. చక్రము తిరుగును, చక్రముతో యిరుసును తిరుగును. ఆ యిరుసు క్రిందిరాతి నడిమి రంధ్రము గుండ పైకి వచ్చి పైరాతికి బిగింపబడి యుండును. కావున క్రిందిరాయి కదలకుండ పైరాయి మాత్రము తిరుగుచుండును. పైన వ్రేలాడదీసిన బుట్టనుండి గింజలు కొంచెము కొంచెముగ పైరాతి నడిమి కంతలో పడును. బుట్టకు గట్టిన చిన్న పుల్ల యొకటి తిరుగుచున్న రాతికి తగులుచు బుట్ట నదలించుచుండును. రాయి వడిగా తిరిగిన గింజలు మెండుగ రాలును. మెల్లగా తిరిగిన కొద్దిగ రాలును. నీరు నిలిచిన రాయియు నిలుచును, గింజయు నిలుచును. కాపలా యుండు మనిషి లేకయే పని తన్ను తాను సరిదిద్దుకొనుచుండును.

మన యింటి విసురురాతికిని దీనికిని జాతిభేదము లేదు. ఇచ్చటను క్రిందిరాయి కదలదు, పైరాయి తిరుగును. నడుమ గింజ పోయు కంత కలదు. రెండు రాళ్లును నునుపెక్కినపుడు కక్కు కొట్టింపవలసినదే. భేద మొక్కటియే. మన రాతికి పైన పిడి కలదు, ఆ పిడిని పట్టిన చేయి కలదు. నీటిమరకు చేయి యున్నచోట రెక్క యున్నది.

ఇట్లు నిలువు టిరుసు గల మర యొక తెగ. అడ్డముగ నుంచిన యిరుసుకు బండిచక్రము వలె నిలువుగ తిరుగు పెద్ద చక్రమును బిగించి, పండ్ల చక్రముల సాయమున రాతిని త్రిప్పునది రెండవ తెగ. నీరు చక్రము నడుగున తాకి త్రోయుటయు కలదు. పైనుండి తొట్టెలలో పడి తన బరువుచే చక్రమును క్రిందికి దింపుటయు కలదు. ఈ తుదిది యన్నిటికంటె నీటిశక్తిని హెచ్చుగ వాడుకొనును.

మర నడచిన దారి

ఈ మర సుమారు రెండువేల సంవత్సరములకు పూర్వమే మధ్యధరా సముద్రతీర దేశములలో వాడుకలోనికి వచ్చెను. రోమకుల కట్టడముల శాస్త్రమును వ్రాసిన విట్రూవియసు, పండ్ల చక్రములు గల నీటిమరను తన గ్రంథమున వర్ణించెను. ఇంచుమించు ఆ కాలముననే థెస్సలొనీక నగరవాసియగు ఆంటిపాటరు అను గ్రీకు కవి నీటిమరనుగూర్చి యొక చిన్న పద్యము చెప్పెను. యంత్రపు నేర్పును పొగడుట యాతని యుద్దేశము కాదు. వేకువను లేచి తిరుగలి త్రిప్పు దాసీజనమునకు ఇక సుఖముగ నిద్రింప వచ్చునని చెప్పుటయే యా పద్యపు సారము. లోకములో నీటిమరనుగూర్చి మిగిలిన ప్రాచీనమైన మాటలలో నొకటి స్త్రీల నిద్రనుగూర్చినది యగుట గమనింప దగినది.

పిమ్మట రోమకుల పాలనలో నుండిన దక్షిణ ఫ్రాన్సు సీమలో, ఆర్ల్ నగరమునకు సమీపమున బార్బెగాల్ అనుచోట, క్రీ. శ. రెండవ శతాబ్దిలో నొక కొండవాలున రెండు వరుసలుగ పదునారు చక్రములు కట్టబడెను. మీది చక్రమును త్రిప్పిన నీరే క్రింది చక్రమును త్రిప్పుచు దిగెను. ఇంగ్లండులో 1086వ సంవత్సరమున విలియము రాజు తన రాజ్యమందలి యాస్తుల నన్నిటిని లెక్క వేయించినపుడు, ఆ లెక్కలో సుమారు 6,000 మరలు వ్రాయబడెను. ఏడాది పొడవున పాఱు చిన్న యేళ్లు గల యా దేశమున మర యూరూరను పరిచితమై యుండెనని దీనివలన తెలియుచున్నది.

మన భారతదేశమునకును నీటిమర క్రొత్తది కాదు. హిమాలయ ప్రాంతములందు, ఇప్పటి ఉత్తరాఖండ, హిమాచల ప్రదేశములలో, కొండవాగుల ప్రక్కన చిన్న రాతియిండ్లలో నిట్టి మరలు అనేకములు తిరిగినవి. వానిని అచ్చటివారు ఘరాట్ అందురు. ఇప్పటికిని కొన్ని తిరుగుచున్నవి. మంచుకొండల యూటలు వాని నేడాది పొడవున నడపును.

మనకు దగ్గఱది ఔరంగాబాదు నందలి పన్‌చక్కీ. ఆ పట్టణము 1956వ సంవత్సరము వఱకు మన తెలంగాణముతో పాటు హైదరాబాదు రాజ్యమున నుండెను. 2023 నుండి దాని పేరు ఛత్రపతి శంభాజీనగరము. అచ్చటి బాబా షా ముసాఫిరు దర్గా ఆవరణమున పదునెనిమిదవ శతాబ్దిలో నీ మర నెలకొనెను. కొన్ని మైళ్ల దూరమున కొండలలో నున్న యూటనుండి మట్టిగొట్టముల గుండ నీటిని తెచ్చి, గోడపైనుండి దూకించి, ఆ వడిచే రాతిని త్రిప్పించిరి. దర్గాకు వచ్చు ఫకీరులకును బాటసారులకును వలసిన పిండి యిచ్చట విసరబడుచుండెను. మన దక్కను పీఠభూమి పైన నీటిమర యసాధ్యము కాదని యిది చూపుచున్నది. అయితే సాధ్యమగుటకు ఎండిపోని యూట కావలెను. ఎత్తునుండి దిగు దారి కావలెను. ఆ రెంటిని కలుపు వ్యయము భరింపగల పోషకుడు కావలెను.

పడుటయే శక్తి

విద్యార్థు లొక చిన్న లెక్క వేసి చూచినచో నీ సంగతి స్పష్టమగును. ఒక ఘనపుటడుగు నీటి బరువు సుమారు 62.4 పౌనులు. సెకనుకొక ఘనపుటడుగు చొప్పున పాఱు నీటిని మన కాలువలవారు ఒక క్యూసెక్కు అందురు. ఇట్టి పాఱుదల 10 అడుగుల యెత్తునుండి క్రిందికి పడినచో సెకనుకు 624 అడుగు-పౌనుల పని చేయును. 550 అడుగు-పౌనులు ఒక అశ్వశక్తి. కావున ఆ చిన్న కాలువలో సుమారు 1.13 అశ్వశక్తి దాగి యున్నది. కొయ్యరెక్కల మోటుచక్రము దానిలో మూడవవంతు మాత్రమే పట్టుకొన్నను, కొంచెముగ మూడింట నొక యశ్వశక్తికి మించి చిక్కును. మనుష్యుడు గంటల తరబడి యెడతెగక చేయగల పని అశ్వశక్తిలో పదియవ వంతునకు అటునిటు. అనగా నొక చిన్న కాలువ నలుగురి చేతుల పని చేయును, రాత్రియు చేయును, అలసట నెఱుగదు.

ఈ లెక్కలో రెండంకెలు కలవు: నీటి పరిమాణ మొకటి, ఎత్తు మఱొకటి. రెంటిలో దేనిని సున్న చేసినను ఫలము సున్నయే. చెఱువు నిండ నీ రున్నను అది కదలనిచో మర తిరుగదు. నీటివలన గాదు, నీరు పడుటవలన మర తిరుగును. దీనికి మూడవ నియమ మొకటి కలదు. అది లెక్కలో కానరాదు గాని బ్రతుకులో కానవచ్చును. ఆ పాఱుదల దినదినమును ఉండవలెను. మనుష్యులు ప్రతి దినమును భుజింతురు గదా!

హంద్రి యేల త్రిప్పజాలదు?

మన హంద్రి పత్తికొండ ప్రాంతమందలి మద్దికెర పొలములలో పుట్టి, కోడుమూరు మీదుగ ప్రవహించి, కర్నూలున తుంగభద్రలో కలియుచున్నది. దీనికి మంచుకొండ లేదు. దీని నీరంతయు వాననీరే. మన జిల్లాలో సంవత్సరపు సగటు వర్షము సుమారు 65 సెంటిమీటర్లు. అదియు చాలవఱకు జూను మొదలు అక్టోబరు వఱకు నైదు నెలలలో, కొన్ని దినములలో కురిసి పోవును. తక్కిన కాలమున హంద్రి యిసుకదారి. వేసవిలో ఆ యిసుకలో చెలమలు త్రవ్వి, ఊరిన నీటిని గిన్నెతో తోడుకొనుట మన పల్లెలవా రెఱిగినదే. చెలమనీరు మరను త్రిప్పదు.

వఱద వచ్చినపుడో, హంద్రి మఱొక యేఱగును. 2009వ సంవత్సరము అక్టోబరు మొదటి దినములలో తుంగభద్రయు హంద్రియు నొక్కసారి పొంగి కర్నూలు నగరమును ముంచివేసిన సంగతి పెద్దలకు జ్ఞాపక మున్నది. అట్టి ప్రవాహమున చక్రము గాని, మరయిల్లు గాని నిలువ నేరదు. కావున ఒక కాలమున మరను త్రిప్పుటకు చాలని నీరు. మఱొక కాలమున మరను మ్రింగివేయు నీరు. మీదుమిక్కిలి యీ యేఱు సమతలమగు పొలముల నడుమ మెల్లగా దిగును. పదియడుగుల పతనము సంపాదింపవలె నన్న దూరమునుండి కాలువ త్రవ్వి తేవలెను. ఆ కాలువనీరు దారిలో పొలములకు గాని పశువులకు గాని చిక్కక మర వఱకు వచ్చునా? కఱవుసీమలో నీటిబొట్టు రాతికంటె ముందుగ నోటిని వెదకును.

కావున నీటిమర లేకుండుట మన పూర్వుల బుద్ధిలోపము కాదు. చెఱువులు కట్టినవారు, తూములు నిలిపినవారు, బావులనుండి కపిలతో నీరు తోడినవారు చక్ర మెఱుగనివారు కారు. ఆ కపిలనే చూడుడు. బావిగట్టున వాలుదారి నేర్పఱచి, ఎద్దులను దిగువకు నడిపించి, ఆ లాగుడుచే తోలుబానను పైకి రప్పించెడివారు. చల్లని దేశములలో నీరు క్రిందికి దిగుచు మనుష్యుని పని చేసెను. మన దేశమున నీటిని పైకి దెచ్చుటకు ఎద్దులు క్రిందికి దిగినవి. యంత్ర మొక్కటియే, తలక్రిందుగ నున్నది. నీరు మనకు కూలివాడు కాలేదు. మనమే నీటికి కూలివార మైతిమి.

రాతిని త్రిప్పు పని మాత్రము ఎద్దులకును రాలేదు. నూనెగానుగ కెద్దు కలదు, బావి కెద్దు కలదు. విసురురాతికి ఆడుది కలదు. తొలికోడి కూయకమునుపే లేచి, దీప మొకటి ప్రక్కన నుంచుకొని, వదినా మఱదండ్లు ఎదురెదుట కూర్చుండి యొక్క పిడిని ఇద్దఱు పట్టి విసరుచుండిరి. అలసట మఱచుటకు పాటలు పాడుకొనిరి. తిరుగటిపాటలని నేడు పండితులు మెచ్చుకొని కూర్చుచున్న పాట లెన్నియో యీ వేకువలందు పుట్టినవే. పాటలు మధురములు, ఆ భుజముల నొప్పియు నిజమే.

జిల్లాలో నీటిచే పని చేయించు తొలి పెద్దయత్నము

మన జిల్లాలో నీటికి నిత్యత్వమును కలిగింప జూచిన పెద్దయత్నము కర్నూలు–కడప కాలువ. 1858వ సంవత్సరమున ఇంగ్లండులో నేర్పడిన మదరాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దీనిని త్రవ్వించెను. సర్ ఆర్థరు కాటను దీనికి ప్రేరకుడు. కర్నూలునకు ఎగువను సుంకేసుల యొద్ద తుంగభద్రకు అడ్డకట్ట వేసి, అచ్చటినుండి కడప వఱకు సుమారు 190 మైళ్లు కాలువ సాగించిరి. 1871 నాటికి పూర్తియైనది. పొలములకు నీ రిచ్చుటయేగాక సరకుల పడవలను మోయుటయు దాని పనిగ నుద్దేశించి, నీటిని మెట్లుమెట్లుగ దింపు లాకులను కట్టిరి. కర్నూలు నొద్ద ఈ కాలువ మన హంద్రిని వంతెనపై దాటి పోవుచున్నది: క్రింద ఎండు యేఱు, మీద పాఱు కాలువ.

అయితే నల్లరేగడి పొలముల రైతులు, వాన పడిన చాలును, కాలువనీటికి పైక మేల యని వెనుదీసిరి. కంపెనీకి రాబడి చాలలేదు. 1876–78 నాటి మహాక్షామమున మాత్రము నీటి విలువ తెలిసి కాలువ క్రింద సాగు పెరిగెను. తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనెను. ఈ చరిత్రవలన మనము నేర్వదగిన దేమనగా, నీటిని కాలువలో నిలిపిన మాత్రమున చాలదు. ఆ నీటి పని యెవరి కక్కఱయో, ఎవరు దానికి వెల యియ్యగలరో ముందుగ నెఱుగవలెను. ఆ కాలువయు కోడుమూరునకు దూరముగనే పోయెను. మన యిండ్ల రాళ్లను చేతులే త్రిప్పుచుండెను.

ఏఱు తీగపై నడచి వచ్చుట

నీటిమరకు గల పెద్దకట్టు ఏమనగా, అది యేటి యొడ్డుననే యుండవలెను. గింజను మోసికొని మనుష్యుడు ఏటికి పోవలసినదే గాని, ఏటిశక్తి మనుష్యుని యింటికి రాదు. ఈ కట్టును విద్యుత్తు తెంపినది. 1827లో ఫూర్నెరాన్ అను ఫ్రెంచి శిల్పి, పాత నీటిచక్రమును సంస్కరించి ఇనుపరెక్కల టర్బైనును నిర్మించెను. అది మన యడ్డచక్రపు మరకు మనుమరాలు. ఆ టర్బైను ఇరుసుకు తిరుగలిరాతికి బదులు విద్యుద్యంత్రమును బిగించినచో, పుట్టిన శక్తి తీగపై నెంతదూరమైనను పోవును.

దక్షిణదేశమున నీ వింత 1902లో జరిగెను. మైసూరు రాజ్యమున కావేరిపై శివసముద్రము జలపాతమున పుట్టిన విద్యుత్తును సుమారు 90 మైళ్ల దూరమునగల కోలారు బంగారుగనులకు తీగలపై గొనిపోయిరి. ఆ గనులలో మన తెలుగు కూలీలును పెక్కుమంది పనిచేసిరి. తరువాత మన తుంగభద్రపై హోస్పేట యొద్ద 1945లో పునాదివేసిన యానకట్ట 1953 నాటికి నీరు నిలుపసాగెను; దానికి విద్యుత్తుశాలలును చేరినవి. కృష్ణపై శ్రీశైలమున 1963లో శంకుస్థాపన జరిగి, 1982లో మొదటి యంత్రము తిరిగెను. అచ్చటి కుడిగట్టు కేంద్రపు శక్తి 770 మెగావాట్లు; ఎడమగట్టున తరువాత కట్టిన భూగర్భ కేంద్రపు శక్తి 900 మెగావాట్లు. హంద్రినీరు తుంగభద్రలో కలసి, తుంగభద్ర కృష్ణలో కలసి, శ్రీశైలము చేరుచున్నది. కావున కోడుమూరు ముందు పడిన వాన, ఇచ్చట రాతిని త్రిప్పలేకపోయినను, అచ్చటికి పోయి రెక్కను త్రిప్పుచున్నది.

మన ఊళ్లలో పిండిమరలు తొలుత నూనె ఇంజనులతో నడచినవి. విద్యుత్తు వచ్చిన పిమ్మట మోటారులతో నడచుచున్నవి. పది అశ్వశక్తుల మోటారు గల పిండిమర యొకటి తిరుగుటకు శ్రీశైలమున నెంతనీరు పడవలెను? పతనము సుమారు 80 మీటర్లని యెంచి, దారిలో నాలుగవవంతు నష్టము పోవునని యెంచినచో, సెకనుకు పండ్రెండు పదుమూడు లీటర్లు. అనగా సెకనుకొక పెద్దబిందెడు నీరు. విద్యార్థులు తామే లెక్క వేసి చూడవచ్చును. నేడు తీగలపై వచ్చు విద్యుత్తులో బొగ్గు పాలు నీటిపాలు కంటె చాల హెచ్చు. సూర్యరశ్మియు గాలియు పాలు పంచుకొనుచున్నవి. ఐనను ఆ బొగ్గుశాలలలో సైతము నీరే యావిరియై రెక్కలను త్రిప్పుచున్న దని మఱవరాదు.

ఇచ్చిన వెల

ఇంతటి మేలు ఉచితముగ రాలేదు. శ్రీశైలము జలాశయము నిండుటకు కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో వందకు పైగా గ్రామములు నీటిపాలయ్యెను. అచ్చటి ప్రజలు 1980 ప్రాంతమున తమ యిండ్లను, పొలములను, పెద్దల సమాధులను విడిచి తరలిపోయిరి. మన యింట దీపము వెలుగుటకు వారి యింట పొయ్యి యారెను. ఈ ఋణము లెక్కలలో వ్రాయబడదు గాని మనస్సులో వ్రాసికొనదగినది.

మఱియొకటి. మరకును మడికిని వైరము పురాతనమైనది. నీరు పడవలెనని మరవాడు కోరును. నీరు నిలువవలెనని సేద్యగాడు కోరును. శ్రీశైలమున నేడు జరుగుచున్న వాదమున కిదియే మూలము. జలాశయపు పూర్తిమట్టము 885 అడుగులు. మట్టము 854 అడుగులకు తగ్గినచో పోతిరెడ్డిపాడునుండి రాయలసీమకు తగినంత నీరు పాఱదు. విద్యుత్తుకొఱకు నీటిని దిగువకు వదలుట యెప్పుడు, ఎంత యనుదానిపై ఆంధ్రప్రదేశ తెలంగాణ రాష్ట్రముల నడుమ తగవు పుట్టి, 2021 జులైలో ఆంధ్రప్రదేశము సుప్రీముకోర్టును ఆశ్రయించెను. వెలుగు కావలెను, సేద్యమును కావలెను. ఒకరి యక్కఱ నొకరు దొంగతన మనరాదు. నీటిని పంచుకొనుటకు ముందు లెక్కను పంచుకొనుట నేర్వవలెను.

2012 నుండి హంద్రి–నీవా కాలువ శ్రీశైలపు నీటిని మల్యాల యొద్ద ఎత్తి, మన ప్రాంతపు మీదుగ అనంతపురము వైపు పంపుచున్నది. ఎత్తుటకు విద్యుత్తు కావలెను. అనగా పడిన నీటివలన పుట్టిన శక్తియే మరల నీటిని పైకెత్తుచున్నది. పూర్వపు కపిలయు నీటిమరయు నొక్క తీగతో కట్టబడినవి.

చేతికి మిగిలిన గడియ

గ్రీకు కవి దాసీలకు నిద్ర దొరకినదని సంతసించెను. మనము మన తల్లులకు దొరకినదేమో యడిగి చూడవలెను. పిండిమర వచ్చిన దినమున ప్రతి యింట వేకువగడియ యొకటి మిగిలెను. ఆ గడియ కొన్ని యిండ్లలో బాలికల చదువునకు చేరెను. బడికి వచ్చు బాలిక పలకపై వ్రాయు చేయి, రెండుతరముల క్రింద పుట్టియున్నచో పిడి పట్టియుండెడి చేయియే. ఆ చేయి యిక వేఱొక రాతికి కట్టబడకుండ చూచుట తల్లిదండ్రుల విధి.

అట్టి రాయి యింకను కలదా? కలదు. వేసవి వచ్చినపుడు మన మెట్టపల్లెలలో కొన్నిచోట్ల కొళాయి యొద్ద, ట్యాంకరు యొద్ద, బావి యొద్ద బిందెలతో వరుసదీరి నిలుచున్నవారిలో హెచ్చుమంది స్త్రీలును బాలికలును. సెకనుకొక బిందెడు నీరు దూరమున పడి మన పిండి విసరుచున్నది; ఇచ్చట నొక బిందెడు నీటికై బాలిక గంటసేపు నిలుచుచున్నది. రాతిబరువు దిగినది, బిందెబరువు దిగలేదు. ఆ గడియనుకూడ విడిపించిన నాడే హంద్రి యొడ్డున నీటిమర నిజముగ తిరిగిన దనవచ్చును.

బాలబాలికలారా! మీ యింట మూలబడిన విసురురాయి యున్నచో నొకసారి పైరాతి నెత్తి చూడుడు. దానిపై కక్కుగుర్తు లెంతవఱకు అరిగినవో చూడుడు. ఆ యరుగుదల మీ జేజియో అవ్వయో తన భుజములతో వ్రాసిన చరిత్ర. ఆమె నడిగి, దినమున కెంతసేపు విసరెనో, ఏ గింజ కష్టమైనదో, ఏ పాట పాడెనో వ్రాసికొనుడు. ఏటియొడ్డున మరలు గల యూళ్లవారు తమ మరల చరిత్రను వ్రాసికొన్నారు. మన యూరి మర మన యవ్వలే. వారి చరిత్రను మనము గాక మఱెవరు వ్రాయుదురు?